వెలుగు టేబుల్: ఎవరి లెక్కలోకీ రాని 12 మిల్లీమీటర్లు

నేపథ్యం

చెక్కపని, దానితోపాటు కొంచెం ఎలక్ట్రానిక్స్ కలిపి నేర్పే గ్రూప్ వర్క్‌షాప్‌లో ఎదురైన కేసు ఇది. పాల్గొన్నవాళ్లను గానీ, టేబుల్ చేరిన చోటును గానీ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఈ కేసులో అసలు సంగతంతా వాటిలోనే ఉంది.

పాల్గొన్నది తొమ్మిది మంది. ముగ్గురికి చెక్కపని బాగా వచ్చు. ఇద్దరికి సోల్డరింగ్, కోడింగ్ తెలుసు. మిగతా నలుగురు ఉలి పట్టుకోవడం అదే మొదలు. చేయాల్సింది నలుగురైదుగురు చుట్టూ కూర్చుని చదువుకునే పెద్ద టేబుల్. పొడవు 1800 మి.మీ., వెడల్పు 800, ఎత్తు 750. రెండు వైపులా 340 మి.మీ. వెడల్పు టేకు పలకలు, వాటి నడుమ 120 మి.మీ. వెడల్పు, 1500 పొడవు ఉన్న పాలరంగు అక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) పట్టీ. ఆ పట్టీ కింద నుంచి వెలగాలి. మామూలుగా పసుపు కలిసిన తెలుపు, గది మూసే వేళకి రంగు మారాలి.

రంగు మారడం ఒక్కటే కావాలంటే, చిన్న ఎల్‌ఈడీ బల్బులు వరసగా ఉన్న స్ట్రిప్ మొత్తం ఒకే రంగులో వెలిగే మామూలు 12 వోల్ట్‌ల రకం సరిపోతుంది. వైరింగ్ కూడా తేలిక. కానీ గ్రూప్‌కి ఒక్కో ఎల్‌ఈడీని విడిగా నడిపించే 5 వోల్ట్‌ల డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్ మీద మనసు పడింది. నేను అడ్డు చెప్పలేదు. వాడేవాళ్లకి అంత అవసరం లేకపోయినా, నేర్చుకునేవాళ్లకి ఉంది. వర్క్‌షాప్ ప్రాజెక్టులో ఈ రెండూ వేర్వేరు అవసరాలు, రెండోదానికీ విలువ ఉంటుంది. దాంతోపాటు వచ్చే తలనొప్పులేమిటో ముందే చెప్పి పని మొదలుపెట్టించాను.

పని పంచుకున్న తీరు

గ్రూప్ తనంతట తానే రెండుగా చీలింది: చెక్క టీమ్, లైట్ టీమ్. ఎవరికి వచ్చిన పని వాళ్లు తీసుకున్నారు, కొత్తవాళ్లు ఇద్దరిద్దరుగా అటూ ఇటూ చేరారు. బయటినుంచి చూస్తే ఇంతకంటే సహజమైన పంపకం ఉండదు.

చెక్క టీమ్ లెక్క ఇలా ఉంది. పలక మందం 25 మి.మీ. పైన 5 మి.మీ. అక్రిలిక్ టేకు పలకతో సమంగా కూర్చోవాలి. అడుగున 6 మి.మీ. ప్లైవుడ్ గాడిలో ఇమడాలి. అంతా పలక మందంలోనే సర్దుకుంటే కింద ఏమీ వేలాడదు, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. అందులోంచి స్ట్రిప్ మందం 2 తీసేస్తే ఎల్‌ఈడీకీ అక్రిలిక్‌కీ మధ్య మిగిలేది 12 మి.మీ.

లైట్ టీమ్ పక్క బల్ల మీద స్ట్రిప్ అతికించి, అక్రిలిక్ ముక్కను రెండు చేతులతో పైన పట్టుకుని చూసింది. వెలుగు పాలలా పరుచుకుంది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఆ చేతులు ఎంత ఎత్తులో ఉన్నాయో ఎవరూ కొలవలేదు. తర్వాత ఫోటోలో అంచనా వేస్తే జానెడుకి కాస్త తక్కువ.

12 మి.మీ. అనే అంకె చెక్క టీమ్ దృష్టిలో మిగిలిపోయిన ఖాళీ. లైట్ టీమ్ దృష్టిలో అది చెక్కపనికి సంబంధించిన విషయం. అలా ఆ అంకెను ఇద్దరిలో ఎవరూ నిర్ణయించలేదు.

ఎదురైన సమస్య

ఫ్రేమ్ జిగురు ఆరి, పలకలు పైన కూర్చుని, మొదటిసారి లైటు వేసిన రోజు మూడు లోపాలు ఒకేసారి బయటపడ్డాయి. పట్టీ నిండా చుక్కలు చుక్కలుగా ఎల్‌ఈడీలు కనిపిస్తున్నాయి. కింద అతికించిన రెండు స్ట్రిప్ వరసల మధ్య పొడుగ్గా చీకటి గీత ఉంది. ఒక చివర తెల్లగా ఉన్న వెలుగు రెండో చివరికి వెళ్లేసరికి నారింజ రంగులోకి తిరిగింది. గంటసేపు వెలిగించి ఉంచాక నాలుగోది తేలింది: అక్రిలిక్ మధ్యలో పైకి ఉబ్బింది. అరచేతితో నొక్కితే టక్‌మని కిందికి దిగి, చెయ్యి తీయగానే మళ్లీ లేస్తోంది.

గదిలో టెన్షన్ పెరిగింది. చెక్క టీమ్‌లో ఒకాయన "మా పని మేం చేశాం, లైటే బాలేదు" అన్నారు. లైట్ టీమ్‌లో అమ్మాయి "బల్ల మీద బాగానే వచ్చింది కదన్నా, పెట్టెలో పెట్టాకే పాడైంది" అంది. గమనిస్తే ఇద్దరి మాటా నిజమే.

ముందు ప్రయత్నించినవి, ఎందుకు నిలవలేదు

చెక్క ముట్టుకోకుండా బయటపడాలన్నది అందరి కోరిక. అది సహజమే, జిగురు ఆరిన ఫ్రేమ్ మీద మళ్లీ రంపం పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి రాదు. నేనూ వద్దనలేదు. తేలికైన దారులు పనికిరావని తేలితేనే కష్టమైన దారికి గ్రూప్ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుంది.

అక్రిలిక్ కింద ట్రేసింగ్ పేపర్ లాంటి పలచని షీట్ పరిచారు. చుక్కల అంచులు మెత్తబడ్డాయి కానీ చుక్కలు పోలేదు. షీట్ అక్రిలిక్‌కి ఆనుకుని ఉంటే వెలుగు పరుచుకోవడానికి కొత్తగా దూరం దొరకదు, ఉన్న వెలుగే తగ్గుతుంది. రెండో షీట్ వేస్తే ఇంకా మసకబారింది. తర్వాత స్ట్రిప్‌లను తిప్పి పక్క గోడల వైపు చూసేలా పెట్టి, గోడలకి తెల్ల రంగు వేశారు. వెలుగు నేరుగా కాకుండా గోడకి తగిలి వస్తుందన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ఇరుకైన పెట్టెల్లో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. కానీ 120 మి.మీ. వెడల్పుకి 12 లోతు అంటే వెలుగు అంచుల దగ్గరే ఆగిపోతుంది. రెండు అంచులూ మెరిశాయి, నడుమ చీకటిగా ఉండిపోయింది.

రంగు మారడానికి స్ట్రిప్ నాసిరకమని అనుమానపడి కొత్తది వేశారు. అదే నారింజ. అప్పుడు వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ తీయించాను. స్ట్రిప్ మొదట్లో 4.6 వోల్ట్‌లు, చివర 3.5. రెండు వరసలనూ ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి, మొత్తం 3 మీటర్లకీ ఒకే చివర నుంచి కరెంట్ ఇచ్చారు. అడాప్టర్ నుంచి వచ్చే వైరు కూడా సన్నది. ఈ రకం ఎల్‌ఈడీ ఒక్కోటి నిండు తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపియర్లు లాగుతుందని పైలెక్క (ఎక్కువలో ఎక్కువ) వేసుకోవాలి. మీటరుకి 60 చొప్పున 180 ఎల్‌ఈడీలంటే 10.8 ఆంపియర్లు. అంత కరెంట్ స్ట్రిప్‌లోని పలచటి రాగి పట్టీల గుండా పోతే దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది. ఎరుపు వెలగడానికి సుమారు 2 వోల్ట్‌లు చాలు, ఆకుపచ్చకీ నీలానికీ 3 దాకా కావాలి. అందుకే వోల్టేజ్ తగ్గేకొద్దీ ముందు నీలం నీరసిస్తుంది, తెలుపులో ఎరుపు పాలు పెరుగుతుంది. చివర కనిపించిన నారింజ రంగు అదే.

ఇక్కడ ఒక చిన్న మలుపు ఉంది. ఈ పని చేసేవాళ్లు గుర్తుపెట్టుకోదగ్గది. సన్న వైరు తీసేసి లావు వైరు వేయగానే రంగు చాలావరకు బాగుపడింది, కానీ అప్పటిదాకా లేని మిణుకు మొదలైంది. ఉన్నట్టుండి కొన్ని ఎల్‌ఈడీలు పిచ్చి రంగులు చూపించి మళ్లీ సర్దుకుంటున్నాయి. బాగుచేయబోతే పాడైందని గ్రూప్ నీరుగారిపోయింది. నిజానికి సన్న వైరు ఇంకో లోపాన్ని కప్పి ఉంచింది. ఎల్‌ఈడీలను నడిపించే చిన్న బోర్డు, అంటే కంట్రోలర్, పంపే సిగ్నల్ 3.3 వోల్ట్‌లు. తనకొచ్చే సరఫరా వోల్టేజ్‌లో 70 శాతం దాటితేనే ఎల్‌ఈడీ ఆ సిగ్నల్‌ని కచ్చితంగా '1'గా (ఆన్‌గా) తీసుకుంటుంది. సరఫరా 4.6 ఉన్నప్పుడు ఆ గడప 3.22, కాబట్టి 3.3 దాటగలిగింది. లావు వైరుతో సరఫరా 4.95కి చేరాక గడప 3.47 అయింది. సిగ్నల్ కిందే ఉండిపోయింది. 74ఏహెచ్‌సీటీ125 అనే చిన్న చిప్ మధ్యలో పెట్టి సిగ్నల్‌ని 5 వోల్ట్‌లకి ఎత్తాక మిణుకు ఆగింది. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు, అప్పటిదాకా లైట్ల జోలికి రాని చెక్క టీమ్ కూడా వచ్చి నిలబడింది.

నమూనా ముక్క

చుక్కల సంగతి మాత్రం అలాగే ఉంది. ఈ దశలో నేను తీసుకున్న నిర్ణయం టేబుల్ మీద పని ఆపించడం. ప్రతి ప్రయత్నమూ 1500 మి.మీ. పొడవున అసలు టేబుల్ మీదే జరుగుతోంది. ఒక్కోదానికీ బోలెడు సమయం పడుతోంది, ఎక్కువ మంది ఊరికే నిలబడి చూస్తున్నారు. పైగా పాడైతే అసలుదే పాడవుతుంది.

మిగిలిన ముక్కలతో 200 మి.మీ. పొడవున్న నమూనా చేయమన్నాను. అడ్డకోత (అడ్డంగా కోస్తే కనిపించే రూపం) మాత్రం అచ్చంగా టేబుల్‌దే. అదే వెడల్పు, అదే అక్రిలిక్, అదే స్ట్రిప్. ఒకే తేడా: పక్క గోడలు 6 మి.మీ. ప్లైవుడ్ పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ఒక్కో పట్టీ కలుపుతూ పోతే లోతు 12, 18, 24 అలా పెరుగుతుంది. ఒక చెక్కపని మనిషి, ఒక లైటు మనిషి, ఇద్దరు కొత్తవాళ్లు కలిసి దీన్ని చేయాలన్నది నేను పెట్టిన షరతు.

కిటికీ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూశారు. నిలబడి చూసినప్పటి కంటే కుర్చీలో కూర్చుని ఏటవాలుగా చూస్తే చుక్కలు తక్కువ కనిపిస్తాయి కాబట్టి రెండు ఎత్తుల నుంచీ చూడమన్నాను. 18 దగ్గర చుక్కలు పలచబడ్డాయి. 24 దగ్గర పొడవు వైపు చుక్కలు పూర్తిగా పోయాయి. మీటరుకి 60 అంటే ఎల్‌ఈడీల మధ్య దూరం 16.7 మి.మీ. లోతు కనీసం ఆ దూరమంత ఉండాలని, కాస్త ఎక్కువైతే ఇంకా మేలని ఈ పనిలో ఉన్నవాళ్లు అనుకునే లెక్కకి ఇది సరిపోయింది. కానీ రెండు వరసల మధ్య దూరం 60 మి.మీ. అక్కడి చీకటి గీత 36 దగ్గర కూడా లీలగా కనిపిస్తూనే ఉంది. అదే లెక్క అడ్డంగానూ వర్తిస్తుంది మరి.

అంటే రెండే దారులు. లోతు 60 చేయడం, లేదా మూడో వరస వేసి వరసల మధ్య దూరం 40కి తగ్గించడం. మూడు వరసలతో 42 లోతు దగ్గర వెలుగు ఎక్కడా తేడా లేకుండా పరుచుకుంది. కానీ ఎల్‌ఈడీలు 270 అయ్యాయి, పైలెక్కన 16.2 ఆంపియర్లు. ఉన్న అడాప్టర్ 10 ఆంపియర్లది.

దీని మీద చాలాసేపు వాదన నడిచింది. పెద్ద అడాప్టర్ తెద్దామన్నారు కొందరు. నేను అడిగింది ఒకటే: చదువుకునే టేబుల్ నడుమ అంత వెలుగు ఎవరికి కావాలి? నమూనా ముక్కను నిండు వెలుగులో పెట్టి, పక్కన పుస్తకం తెరిచి చదవమన్నాను. రెండు పేజీలు తిరక్కముందే కళ్లు లాగాయి. 40 శాతం దగ్గర హాయిగా ఉంది. అంటే దాదాపు 6.5 ఆంపియర్లు, ఉన్న అడాప్టర్ మీద ఇంకా వెసులుబాటు మిగులుతుంది. కోడ్‌లో 40 శాతం దగ్గర హద్దు పెట్టాం. అయితే ఆ హద్దు సంగతి వైరుకి తెలీదు. కోడ్ తప్పినా, ఎక్కడైనా రెండు వైర్లు తగిలినా చెక్క పెట్టెలో వేడెక్కేది వైరే. 5 వోల్ట్‌లు షాక్ కొట్టవు కానీ 10 ఆంపియర్లు నిప్పు రాజేయగలవు. అందుకే ఒక్కో వరసకీ విడిగా 3 ఆంపియర్ల ఫ్యూజ్ వేయించాను. ప్రతి వరసకీ రెండు చివరల నుంచీ కరెంట్ ఇచ్చాం. ఇంటి కరెంట్ టేబుల్‌లోకి రానే రాకూడదని, మూసి ఉన్న అడాప్టర్ బయటే ఉండాలని ముందే గట్టిగా చెప్పాను. విప్పి ఉన్న ఎస్‌ఎంపీఎస్‌ను (ఇంటి కరెంట్‌ను తక్కువ వోల్టేజ్‌కి మార్చే పరికరం) చెక్క లోపల దాచేద్దామన్న ఆలోచన ఒకటి వచ్చింది. దాని మీద చర్చ పెట్టలేదు, వద్దనేశాను.

లోతు ఎక్కడి నుంచి తేవడం

42 లోతు, స్ట్రిప్ 2, దాని కింద వేడి లాగడానికి 2 మి.మీ. అల్యూమినియం పట్టీ, అడుగు ప్లైవుడ్ 6. మొత్తం 52. పైన అక్రిలిక్ 5 కలిపితే 57. పలక మందం 25 పోగా కిందికి వేలాడేది 32 మి.మీ. "మోకాళ్లకి తగులుతుంది" అన్నది మొదటి అభ్యంతరం. కానీ టేబుల్ చుట్టూ ఉన్న ఫ్రేమ్ పట్టీల ఎత్తే 80 మి.మీ. కూర్చున్న మనిషి మోకాలు ముందు తగిలేది అంచునున్న ఆ పట్టీకే. నడుమ పెట్టె 32 దిగినా మోకాలికి అందదు, బయటికి కనపడదు కూడా. పలక మందంలోనే అంతా ఇమడాలన్న నియమం ఎవరి అవసరం వల్లా పుట్టింది కాదు. గీసిన మొదటి బొమ్మలో అలా ఉంది, అంతే.

అడ్డొచ్చేవి ఫ్రేమ్‌లోని మూడు అడ్డ పట్టీలు. పెట్టె దూరాలంటే ఒక్కోదానికి పై అంచులో 32 మి.మీ. లోతు గాటు పెట్టాలి. 80లో మిగిలేది 48. పట్టీ ఎత్తు అరవై శాతానికి తగ్గితే వంగకుండా నిలిచే బిగువు అరవై శాతం ఉండదు, అయిదో వంతుకి కాస్త పైన మాత్రమే ఉంటుంది. ఎత్తు ఘనాన్ని బట్టి బిగువు మారుతుంది. అందుకని గాటు పడిన చోట పట్టీకి రెండు పక్కలా మరో చెక్క అతికించి, అప్పుడు రంపం పెట్టాం. కోసింది కొత్తవాళ్లే. చెక్కపని వచ్చినవాళ్లు పక్కన నిలబడి గీతలు సరిచూశారు.

లైటు భాగాన్నంతా విడి పెట్టెగా చేసి, కింద నుంచి మరలతో బిగించేలా మార్చాం. దీనివల్ల రెండు లాభాలు. ఎల్‌ఈడీ పోతే టేబుల్ పైభాగం కదపక్కర్లేదు. రెండోది గ్రూప్‌కి సంబంధించినది: పెట్టె ఒక బల్ల మీద, పలకలు ఇంకో బల్ల మీద ఒకేసారి నడిచాయి. ఒకరి కోసం ఒకరు కాచుకుని ఉండటం పోయింది.

ఉబ్బిన అక్రిలిక్, కదిలే చెక్క

అక్రిలిక్‌ను రెండు చివరలా చెక్కకి బిగుతుగా ఆనించి సిలికోన్‌తో అతికించారు. ఉబ్బడానికి కారణం అదే. మీటరు అక్రిలిక్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. 1500 మి.మీ. పట్టీ 20 డిగ్రీలు వేడెక్కితే 2 మి.మీ. దాకా పెరుగుతుంది. రెండు చివరలూ బిగించి ఉంటే ఆ పెరుగుదలకి పైకి లేవడం తప్ప దారి లేదు. లేవడం కూడా మనం ఊహించేదానికంటే ఎక్కువ: ఈ పొడవులో చోటు చాలని పొడవు 0.1 మి.మీ. ఉన్నా నడుమ 7–8 మి.మీ. పైకి వంగుతుంది. బోర్డు మీద ఈ అంకె వేసినప్పుడు ఎవరూ నమ్మలేదు. స్టీలు స్కేలు రెండు చివరలూ పట్టుకుని వెంట్రుకవాసి లోపలికి నొక్కితే నమ్మారు.

టేకు దీనికి సరిగ్గా అడ్డం తిరిగి ఉంటుంది. నార పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం గాలిలో తేమను బట్టి పెరిగి తగ్గుతుంది. 340 మి.మీ. వెడల్పు పలక పొడి రోజులకీ తడి రోజులకీ మధ్య 2 మి.మీ. అటూ ఇటూ కావచ్చు. అంటే అక్రిలిక్ పొడవున కదులుతుంది, చెక్క అడ్డాన కదులుతుంది. సిలికోన్ తీసేసి అక్రిలిక్‌ను గాడిలో ఊరికే కూర్చోబెట్టాం, ఒక చివర ఆనించి రెండో చివర 3 మి.మీ. వదిలాం. పలకలను మాత్రం అక్రిలిక్ పక్కనున్న అంచు దగ్గర గట్టిగా బిగించి, బయటి అంచు వైపు మరలకి పొడుగు రంధ్రాలు పెట్టాం. చెక్క పెరిగినా తగ్గినా బయటికే, నడుమ సందు మారదు. పాలిష్ పని కూడా అక్రిలిక్ పెట్టకముందే పూర్తి చేయించాను. థిన్నర్ తగిలితే అక్రిలిక్ మీద సన్నని పగుళ్లు వస్తాయి.

ఈ కేసు నుంచి నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు నేను గ్రూప్‌ని నైపుణ్యాన్ని బట్టి విడదీయను, టేబుల్ భాగాన్ని బట్టి విడదీస్తాను. వెలుగు పెట్టె టీమ్‌లో చెక్క మనిషీ ఉంటారు, సోల్డరింగ్ మనిషీ ఉంటారు. రెండు పనులు కలిసే చోటే లోపాలు పుడతాయి, ఆ చోటుకి బాధ్యుడెవరో పేరు రాసి ఉండాలి.

అసలు సైజులో అడ్డకోత బొమ్మ ప్లైవుడ్ షీట్ మీద గీసి గోడకి ఆనిస్తాం. ఏ కొలత మారినా ముందు అక్కడ మారాలి. ఇంకో సంగతి, చిన్నదే కానీ గొడవలు తగ్గించింది: గ్రూప్‌లో టేపులు ఎన్ని ఉంటే అన్ని రకాల మిల్లీమీటర్లు ఉంటాయి. టేపు చివరి కొక్కెం తన మందమంత ముందుకీ వెనక్కీ కదిలేలా చేస్తారు, అది లోపం కాదు. కానీ కిందపడి వంగిన కొక్కేలతో రెండు టేపులు ఒక మిల్లీమీటరు తేడా చూపించాయి. ఫ్రేమ్ మూలల్లో సందులు వచ్చింది దానివల్లే. ఒకేలా ఉండాల్సిన ముక్కలకి ఇప్పుడు టేపు వాడనివ్వను. గీతలు పెట్టిన కొలతకర్ర ఒకటి చేసి, అందరూ దాన్నే వాడాలి.

నమూనా ముక్క మొదటి పూటే చేయించడం అన్నింటికంటే పెద్ద మార్పు. టేకు కొనకముందే, 200 మి.మీ. ముక్క మీద లైటు వెలిగి అందరూ సరే అనాలి.

ఈ కేసులో ఫ్రేమ్‌ను కోసి సరిచేసుకోగలిగాం, లైటు విడి పెట్టెలోకి వెళ్లింది కాబట్టి సరిపోయింది. స్ట్రిప్‌ను పారదర్శక రెసిన్‌లో పోసి మూసేసే టేబుల్ అయితే ఈ వెసులుబాటు ఉండదు. రెసిన్ గట్టిపడేటప్పుడు తనే వేడెక్కుతుంది, ఆరాక లోపల ఒక్క ఎల్‌ఈడీ పోయినా తీసి మార్చే దారి లేదు. ఎవరైనా గ్రూప్ ఆ డిజైన్‌తో వస్తే, రెసిన్‌లో గాడి వదిలి స్ట్రిప్‌ను అందులోకి పక్క నుంచి జారవిడిచేలా గీసుకురమ్మని చెబుతున్నాను. గాడి అవతలి చివర తెరిచే ఉంచాలి, కరెంట్ రెండో వైపు నుంచి కూడా ఇవ్వాలి కదా.